సీసాలో ఏముందో తెలుగులో ఒక్క ముక్క చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. పదమూడేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, చింతకాయ. వేసవిలో ఇద్దరు ఆడవాళ్లు సాయానికి వస్తారు. మిగతా రోజుల్లో నేనూ, మా అత్తగారూ. ఆవిడకు ఎనభై ఒకటి. చూపు మందగించింది గానీ నాలుక మాత్రం అలాగే ఉంది. ఆవపిండి కొట్టి నాలుగు రోజులు దాటితే జాడీ మూత తీయగానే పట్టేస్తారు. ఈ ఉత్తరం ఆవిడ కోసమే రాస్తున్నాను.

పెద్దవాళ్లకు కొత్త తిండి పడదని చాలామంది అనుకుంటారు. మా అత్తగారి సంగతి వేరు. పుట్టినప్పటి నుంచీ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. అయినా టీవీలో ఏ దేశం వంట చూపించినా కుర్చీ ముందుకు జరుపుకుని చూస్తారు. "అమ్మాయ్, ఆ తెల్లగా ఉన్నది ఏమిటే? మనకు దొరుకుతుందా?" అని అడుగుతారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఒకసారి హమ్ముస్ చేసి పెట్టింది. కాబూలీ శనగలు మెత్తగా ఉడకబెట్టి, తహీనీ అనే నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి వేసి రుబ్బడమే. మా అత్తగారు దిబ్బరొట్టె ముక్క ముంచుకుని తిని, "నువ్వులు సరిగ్గా వేగలేదు, ఇంకో నిమిషం ఉంచాల్సింది" అన్నారు. రెండోసారి తహీనీ కొనలేదు. ఆవిడే నువ్వులు దోరగా వేయించి ఇచ్చారు, నేను రుబ్బాను. చిమ్మిలికి దంచినట్టే, కాకపోతే బెల్లం వేయం. అది కొన్నదానికంటే బాగుంది, నిజంగా.

సీసాలు, మూతలు, లేబుళ్ల కోసం నేను నెలకోసారి బస్సెక్కి వారధి దాటి విజయవాడ వన్‌టౌన్‌కు వెళ్తాను. ఆ పని అయ్యాక బెంజి సర్కిల్ వైపు, మొగల్రాజపురం, పటమట వైపు వెళ్లి విదేశీ సరుకులు అమ్మే దుకాణాలు చూడటం అలవాటైంది. ఒకప్పుడు ఆలివ్ నూనె డబ్బా కావాలన్నా హైదరాబాదు నుంచి వచ్చే వాళ్లకు చెప్పుకోవాలి. ఇప్పుడు జపాను నూడుల్స్, ఇటలీ చీజ్, థాయ్ కొబ్బరిపాలు, కొరియా కారం ముద్దలు, అన్నీ అరల నిండా ఉన్నాయి. చదువుకునే పిల్లలు గుంపులుగా వచ్చి కొంటున్నారు. నాకు చాలా సంతోషం. ఒక ఊరి నాలుక కొత్త రుచులు నేర్చుకుంటుంటే చూడటం ఎంతో బాగుంటుంది.

ఆ దుకాణాల నుంచి తెచ్చిన వాటిలో మా ఇంట్లో పరిచయమైనవే ఎక్కువ కనబడ్డాయి. వసాబి అని ఒక ఆకుపచ్చ ముద్ద గొట్టం తెచ్చాను. మా అత్తగారు గోటి చివర అంత నాలుక మీద పెట్టుకుని, ముక్కు పట్టుకుని, "ఇది ఆవ ఘాటే" అన్నారు. గొట్టం మీద చూస్తే నిజమే. హార్స్‌రాడిష్ అనే ముల్లంగి జాతి దుంప, ఆవాలు, రంగు. అసలు వసాబి దుంప ఖరీదైంది కాబట్టి బయట దొరికేది చాలావరకు ఇదేనట. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ముక్కుకు ఎక్కుతుంది చూడండి, ఆ ఘాటు పదార్థమూ ఇదీ ఒకటే. మరోసారి థాయ్ వంటకు వాడే గలాంగల్ దుంప దొరికింది. అల్లంలా ఉంటుంది గానీ వాసన వేరు. ఆవిడ విరిచి వాసన చూసి, "ఇది దుంపరాష్ట్రం కదే, మా చిన్నప్పుడు దగ్గుకు అరగదీసి ఇచ్చేవాళ్లు" అన్నారు. నిమ్మగడ్డి మా పెరట్లోనే ఉంది. వాళ్లు వేసే నిమ్మ జాతి ఆకు మన దబ్బాకుకు చుట్టమే. ఆ రోజు మా ఇంట్లో కొబ్బరిపాలతో ఆకుపచ్చ కూర చేశాం. పచ్చిమిర్చి ముద్ద మేమే నూరుకున్నాం. ఎందుకంటే సీసాలో దొరికే థాయ్ ముద్దల్లో చాలావాటిలో రొయ్యల ముద్ద కలుస్తుందని మా అమ్మాయి ముందే చెప్పింది. చెప్పే మనిషి ఉంది కాబట్టి సరిపోయింది.

కిందటి దసరా సెలవుల్లో చెప్పే మనిషి పక్కన లేదు.

విజయవాడలో ఒక దుకాణంలో కిమ్చి సీసా చూశాను. కొరియా వాళ్ల క్యాబేజీ పచ్చడి అని విన్నాను. పచ్చళ్లు పెట్టేదాన్ని, చూడకుండా ఎలా వస్తాను? సీసా చుట్టూ కొరియా అక్షరాలే. వెనక అగ్గిపెట్టె అంత స్టిక్కరు ఉంది గానీ, దాని మీద దుకాణం వాళ్ల ధర చీటీ అతికించి ఉంది. కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయిని అడిగాను, "బాబూ, ఇది వెజ్జేనా?" అని. "క్యాబేజీ పచ్చడే ఆంటీ, వెజ్జే" అన్నాడు. వాడిని తప్పుపట్టను. వాడికి తెలిసింది అదే.

మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు పెరుగన్నంలో నంజుకున్నారు. బాగుందన్నారు. రాత్రి కూడా వేసుకున్నారు. వడ్డించి వచ్చి సీసా చేతిలోకి తీసుకున్నాను, ఏం నూనె వాడారో చూద్దామని. అది నా వృత్తి అలవాటు. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి ధర చీటీ మీద రెండు నిమిషాలు ఉంచితే గీతపడకుండా ఊడివస్తుంది. లేబుళ్లు అతికించి, పీకి, మళ్లీ అతికించే నాకు ఆ పని బాగా తెలుసు. చీటీ కింద గోధుమరంగు త్రిభుజం కనిపించింది, అది మాంసాహారపు గుర్తు. దాని పక్కన ఇంగ్లీషులో చీమతలకాయంత అక్షరాలు. ఉప్పు రొయ్యలు, చేపల సాస్.

ఆ త్రిభుజం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. దిగుమతి చేసిన వాళ్లు గుర్తు వేశారు. చూపించాల్సిన చోటే దుకాణం వాళ్లు ధర అంటించారు.

చెప్పొద్దని మావారు అన్నారు. పెద్దావిడ, తెలియకపోతే ఏ బాధా లేదు కదా అని. నా వల్ల కాలేదు. వెళ్లి చెప్పాను. ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టి, "నువ్వు తెలిసి పెట్టలేదుగా" అన్నారు. లేచి పెరట్లోకి వెళ్లి నోరు పుక్కిలించుకున్నారు. చాలాసేపు పుక్కిలించుకున్నారు. మర్నాడు పాలు తప్ప ఏమీ తీసుకోలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది. ఆ తర్వాత చాలా రోజులు నేను ఏ కొత్త సీసా తెచ్చినా చెయ్యి పెట్టలేదు. "నువ్వు తిను, నాకు ఆకలిగా లేదు" అనేవారు.

మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. యజమాని మర్యాదగానే మాట్లాడారు. కంపెనీ వాళ్లు పంపినట్టే పెడతామనీ, ధర ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అంటిస్తారనీ చెప్పారు. ఆయన పేరుగానీ దుకాణం పేరుగానీ రాయను. ఇలాంటివి ఒక్క చోటే కాదు, నేను తర్వాత చూసిన ప్రతి దుకాణంలోనూ రెండు మూడు సీసాలైనా ఇలాగే కనిపించాయి.

నిబంధనల సంగతి నాకు కొంత తెలుసు, నేనూ వాటి కింద పనిచేసేదాన్నే కాబట్టి. 2006 ఆహార భద్రత చట్టం కింద నాకు పద్నాలుగు అంకెల నంబరు ఇచ్చారు. నా ప్రతి సీసా మీదా ఆ నంబరు, పదార్థాల పట్టిక, తయారీ తేదీ, బరువు, ధర, పచ్చ చుక్క ఉండాలి. వేరుశనగ నూనె వాడితే ఆ నూనె పేరు కూడా పట్టికలో రాయాలి. నా దగ్గర కొనే వాళ్లలో ఇంగ్లీషు చదవలేని వాళ్లు సగం మంది, అందుకే ఇంగ్లీషుతోపాటు తెలుగులోనూ వేయిస్తాను. నిబంధన ప్రకారం ఇంగ్లీషు గానీ, దేవనాగరి లిపిలో హిందీ గానీ ఉంటే చాలు. దానికి తోడు మరో భాష వాడుకోవద్దని ఎక్కడా లేదు. విదేశం నుంచి వచ్చే సరుక్కు దిగుమతిదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, శాకాహార మాంసాహార గుర్తు స్టిక్కరుగా వేయవచ్చు. ఆ స్టిక్కరు సులువుగా ఊడి రాకూడదు. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది. రంగులు సరిగా కనబడని వాళ్లకు తేడా తెలియడం లేదని 2020 నిబంధనల్లో త్రిభుజం చేశారు. అంత ఆలోచించి చేసిన గుర్తు ధర చీటీ కింద ఉంటే ఎవరికి ఉపయోగం?

ఇది శాకాహారుల గొడవ మాత్రమే అనుకోవద్దు. మా వీధి చివర ఉండే ముస్లిం కుటుంబం పిల్లలకు మార్ష్‌మాలోలు అనే మెత్తటి మిఠాయిలు కొనాలంటే అందులో జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు, దేని నుంచి తీశారో తెలియాలి. జపాను సాసుల్లో కొన్నింటిలో మిరిన్ ఉంటుంది, అది బియ్యంతో చేసే తియ్యటి మద్యం. ఇటలీలో చేసే పార్మిజానో రెజ్జానో చీజ్‌కు పాలు విరిచేది దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో. మన దేశంలో తయారయ్యే చీజ్‌కు చాలావరకు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఏ చీజ్‌కు ఏది వాడారో చెబితే గానీ తెలియదు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని గోధుమ పడని వాళ్లకు కూడా చాలామందికి తెలియదు. ఇక ఆలివ్ నూనె. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే కాయను చల్లగా నలిపి తీసిన నూనె, ఆమ్లత 0.8 శాతం దాటకూడదు. పొమేస్ అని రాసి ఉంటే నూనె తీసేశాక మిగిలిన పిప్పి నుంచి రసాయనంతో లాగి, శుద్ధి చేసినది. మన తెలగపిండి నుంచి మళ్లీ నూనె తీసినట్టు. వేపుళ్లకు వాడుకోవచ్చు, తప్పేమీ కాదు. కానీ గుండెకు మంచిదని పెన్షను డబ్బులతో కొనుక్కుంటున్న మాస్టారు గారొకరు నా కళ్ల ముందే పొమేస్ డబ్బా తీసుకున్నారు. చెప్పాను. ఆయన డబ్బా తిప్పి చూసి, "ఇది మాకెవరు చెబుతారమ్మా" అన్నారు.

చెప్పే వాళ్లు లేకపోలేదు. సంక్రాంతికి ముందు మా చెల్లెలి కుటుంబంతో విజయవాడలో ఒక హోటలుకు వెళ్లాం, థాయ్ వంటలు చేసేది. చెల్లెలి మనవడికి వేరుశనగ పడదు. ఒక్క పప్పు తిన్నా ఒళ్లంతా దద్దుర్లు వచ్చి పెదాలు వాచిపోతాయి, బయట తినాలంటే వాళ్లకు అదే టెన్షన్. పచ్చి బొప్పాయి సలాడ్ అడిగాం. వడ్డించే అమ్మాయికి తెలియక లోపలికి వెళ్లింది. వంట చేసే కుర్రవాడే చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఈశాన్యం నుంచి వచ్చిన పిల్లవాడు, తెలుగు నెమ్మదిగా మాట్లాడతాడు. "ఇందులో పల్లీ ఉంది, ఎండు రొయ్య ఉంది, చేప సాస్ ఉంది" అని వేళ్లు ముడిచి లెక్క చెప్పాడు. లోపల నుంచి సాస్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టి చూపించాడు. "రోలు కడిగి వేరే చేస్తాను, ఉప్పు, నిమ్మ, తాటిబెల్లం వేస్తాను, కానీ అసలు రుచి రాదు" అన్నాడు. చేసి తెచ్చాడు. బాబు తిన్నాడు, ఏమీ కాలేదు. ఆ హోటలు మెనూ మీద ఈ వివరాలేవీ లేవు. కేలరీలు మెనూలో చూపాలన్న నిబంధన కూడా పదీ, అంతకు మించి శాఖలున్న వాళ్లకూ, కేంద్ర లైసెన్సు ఉన్న వాళ్లకే. కానీ ఆ కుర్రవాడికి తన వంటలో ఏముందో తెలుసు, అడిగితే చెప్పడం తన పని అనుకున్నాడు.

ఈ సంగతి చెబితే మా బంధువుల్లో కొందరు, "అసలు ఆ విదేశీ తిండి ఎందుకు, మనకు ఆవకాయ లేదా" అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. కొండవీటి రెడ్డిరాజుల కాలంలో ఈ గడ్డ మీద మిరపకాయే లేదు. అది అమెరికా ఖండపు పంట. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన కారం మిరియాలదీ, అల్లానిదీ. అలా వచ్చిన కాయకు ఇప్పుడు గుంటూరు సన్నం అని భౌగోళిక గుర్తింపు ఉంది, మా మిర్చి యార్డు నుంచి తేజ కాయ చైనాకు పోతోంది. కొరియా వాళ్లకూ మిరప బయటి నుంచి వచ్చిందే. అక్కడ చలికాలం ముందు ఇరుగూపొరుగూ చేరి ఏడాదికి సరిపడా కిమ్చి పెట్టుకుంటారు, ఆ ఆనవాయితీని 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఏప్రిల్లో మా వీధిలో కత్తిపీటలు వరసగా వేసి మామిడికాయ ముక్కలు కొట్టుకునే రోజులు చూసిన వాళ్లకు అది పరాయి సంగతి అనిపించదు. మా అత్తగారికి ఆ రుచి దూరం కావాల్సిన అవసరం లేదు. ఆవిడకు అందులో ఏముందో తెలియాలి, అంతే.

అందుకని నేనే పెట్టాను. చైనా క్యాబేజీ అని పొడుగ్గా, ఆకులు వదులుగా ఉండేది విజయవాడలో దొరికింది. నిలువునా నాలుగు చీలికలు చేసి ఆకు ఆకుకూ మధ్య రాళ్లుప్పు జల్లి మూడు గంటలు ఉంచితే మెత్తబడి, వంచినా విరగదు. రెండుసార్లు కడిగి, బోర్లించి నీళ్లు ఓడ్చాలి. బియ్యప్పిండితో పల్చగా జావ కాచి చల్లార్చి, అందులో అల్లం, వెల్లుల్లి, ముల్లంగి తురుము, ఉల్లికాడలు, కారం కలిపి ఒక్కో ఆకుకూ పట్టించాలి. మొదటిసారి సన్నం కారమే వేశాను. నోట్లో పెట్టుకోలేకపోయాం. వాళ్ల కారానికి రంగు ఎక్కువ, మంట తక్కువ. రెండోసారి బ్యాడిగి కాయలు తొడిమలూ గింజలూ తీసి, బరకగా కొట్టి వేశాను. రొయ్యల బదులు రెండు చెంచాల సోయా సాస్. మన ఆవకాయను నూనే ఉప్పూ కాపాడతాయి. దీన్ని కాపాడేది పులుపు, దోసెల పిండి పులిసినట్టే. గుంటూరు వేడికి ఒక్క రాత్రి బయట ఉంచితే చాలు. పొద్దున్నే గరిటెతో నొక్కితే ఊట పైకి వచ్చి బుడగలు లేచాయి. మూత బిగించకుండా ఫ్రిజ్‌లో పెట్టాను.

మా అత్తగారు పక్కనే పీట వేసుకుని మొదటి నుంచీ చూశారు. ఒక్కొక్కటీ వేసేటప్పుడు పేరు చెప్పి వేశాను. మూడో రోజు పెరుగన్నంలో ఆవిడే అడిగి వేయించుకున్నారు. కొరియాలో బౌద్ధ ఆలయాల్లో సన్యాసులు రొయ్యలూ చేపలే కాదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా లేకుండా కిమ్చి పెట్టుకుంటారని మా అమ్మాయి చెప్పింది. కార్తీకమాసానికి అలా పెట్టమని ఇప్పటి నుంచే చెబుతున్నారు ఆవిడ.

అందరూ ఇంట్లో చేసుకోలేరు. కాబట్టి దుకాణదారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. ధర చీటీ సీసా మూత మీద అంటించండి, గుర్తు మీదా పదార్థాల మీదా వద్దు. అర అంచుకు వేలెడంత అట్టముక్క తగిలించి, ఈ సరుకు ఏమిటి, దేనితో చేస్తారు, చేప, రొయ్య, గుడ్డు, పల్లీ, మద్యం, జెలటిన్ ఉన్నాయా లేదా అని తెలుగులో రాయండి. కౌంటరు దగ్గర నిలబడే పిల్లలకు తెలియనప్పుడు తెలియదని చెప్పడం నేర్పండి. "వెజ్జే" అని వాడు అనకుండా "తెలియదు ఆంటీ" అని ఉంటే నేను ఆ సీసా కొని ఉండేదాన్ని కాదు. ఆహార భద్రత అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు గడువు తేదీలతోపాటు ఈ ధర చీటీల కింద కూడా ఒకసారి చూడాలి. కొనే వాళ్లకు అనుమానం వస్తే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేసే వీలుంది.

ఆ అట్టముక్కలు రాసే తీరిక లేదని ఏ దుకాణదారైనా అంటే నేను రాసిపెడతాను. డబ్బులు వద్దు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, పచ్చళ్ల జాడీల మీద పదమూడేళ్లుగా రాస్తున్నాను. ప్రతి నెలా రెండో గురువారం సీసాల కోసం విజయవాడ వస్తాను, మధ్యాహ్నం రెండు నుంచి బస్సు టైము దాకా ఖాళీయే. సీసాల మీది ఇంగ్లీషు చదివి చెప్పడానికి మా అమ్మాయి ఫోనులో ఉంటుంది.

ఇట్లు,
పచ్చళ్లు పెట్టే ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.